సైలెన్స్ = డెత్: న్యూయార్క్ గోడల మీది ఒక ఎయిడ్స్ పోస్టర్, కేస్ స్టడీ

ఆరోగ్య ప్రచారానికి బొమ్మలు వేయడం నా వృత్తి. వాల్‌పోస్టర్లు, ఫ్లిప్‌చార్టులు, ఆస్పత్రి వరండాల్లో పెట్టే బోర్డులు, హైవే పక్కన దాబాల దగ్గర కట్టే ఫ్లెక్సీలు అన్నీ చేస్తాను. అందులో ఎక్కువ భాగం హెచ్‌ఐవీ మీదే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ముందు ఒక్క పోస్టర్‌ను గోడకు అంటించి, పూటంతా దాని గురించే మాట్లాడతాను. అది 1987లో న్యూయార్క్ వీధుల్లో కనిపించిన ‘సైలెన్స్ = డెత్’. నోరు మూసుకుని కూర్చుంటే చచ్చిపోతాం అని దాని భావం.

ఎయిడ్స్ పోస్టర్లకు కొదవ లేదు. ఎడ్వర్డ్ ఆట్‌వాటర్ అనే డాక్టర్ పోగుచేసి అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి ఇచ్చినవే 8,000కు పైగా ఉన్నాయి. 130కి పైగా దేశాల పోస్టర్లు అందులో ఉన్నాయి. అన్నిట్లోంచి దీన్నే తీసుకోవడానికి కారణం ఉంది. ఇది ఎలా తయారైందో, ఏ ఆలోచన ఎక్కడ పుట్టి ఎందుకు వీగిపోయిందో చేసినవాళ్లే తర్వాత వివరంగా చెప్పారు. మన పనిలో అది అరుదు. మనకు చివరికి మిగిలిన పోస్టరే కనిపిస్తుంది, పక్కన పడేసిన డిజైన్లు కనిపించవు. పైగా దీన్ని ఆ జబ్బు ఎవరి ఇళ్లలో పడిందో వాళ్లే వేసుకున్నారు. ఏ ప్రభుత్వ శాఖా టెండర్ పిలవలేదు, ఏ దాతా తన లోగో పెట్టమనలేదు. ఎయిడ్స్ పోస్టర్ ఎవరి నోటినుంచి మాట్లాడుతోంది అన్నదే దాని జాతకం తేలుస్తుందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఈ కేసు చదివాకే కలిగింది.

అప్పటి పరిస్థితి

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన అయిదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక వేసింది. అరుదైన న్యుమోనియా, అయిదుగురూ స్వలింగ సంపర్కులు. ఎయిడ్స్ గురించి అధికారికంగా అచ్చయిన మొదటి సమాచారం అదే. రక్తపరీక్షకు అనుమతి రావడానికి 1985 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. పరీక్ష వచ్చినా మందు లేదు. పాజిటివ్ అని బయటపడితే ఉద్యోగం పోవచ్చు, అద్దె ఇల్లు పోవచ్చు. అధ్యక్షుడు రీగన్ ఈ జబ్బు మీద మొదటిసారి పెద్ద ప్రసంగం చేసింది 1987 మే 31న. అప్పటికే అమెరికాలో 20 వేల మందికి పైగా చనిపోయారు.

1986 మరీ గడ్డు సంవత్సరం. మార్చిలో విలియం ఎఫ్. బక్లీ అనే పేరున్న కాలమిస్టు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. ఎయిడ్స్ ఉన్న ప్రతివాడికీ పచ్చబొట్టు పొడవాలన్నాడు. సూదులు పంచుకునేవాళ్లను కాపాడటానికి ముంజేతి పైభాగంలో, మిగతా స్వలింగ సంపర్కుల్ని కాపాడటానికి పిరుదుల మీద. ఎవరో పిచ్చివాడు గోడ మీద రాసిన రాత కాదిది, దేశంలో అందరూ చదివే పత్రికలో అచ్చయిన సలహా. జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే జార్జియా రాష్ట్ర చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. జబ్బు ఒక పక్క, చట్టం ఇంకో పక్క, జనం అసహ్యం మరో పక్క. చాలామంది చేసిన పని ఒక్కటే, దాక్కోవడం. మన దగ్గర స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 వల్ల దాక్కున్నవాళ్లతో పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ సెక్షన్ కోరల్ని మన సుప్రీంకోర్టు తీసింది 2018 సెప్టెంబర్ 6న.

ఆరుగురు మనుషులు, వారం వారం భోజనం

ఆవ్రమ్ ఫింకెల్‌స్టైన్ న్యూయార్క్‌లో ఆర్ట్ డైరెక్టర్. ఆయన సహచరుడు 1984లో ఎయిడ్స్‌తో పోయాడు. ఆ దుఃఖం చెప్పుకోవడానికి చోటు లేక, ఫింకెల్‌స్టైన్ ఇద్దరు మిత్రులతో, జోర్జ్ సోకర్రాస్, ఆలివర్ జాన్‌స్టన్‌లతో కలిసి కూర్చోవడం మొదలుపెట్టాడు. వాళ్లు ఒక్కొక్కరూ ఇంకొకరిని తీసుకొచ్చారు. బ్రయన్ హోవర్డ్, చార్ల్స్ క్రెలాఫ్, క్రిస్ లియోన్ చేరడంతో ఆరుగురయ్యారు. ప్రతివారం ఒకరింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకుని తింటూ మాట్లాడుకునేవారు. స్త్రీవాద ఉద్యమంలో ఆడవాళ్లు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని తమ కష్టాలు చెప్పుకున్న పద్ధతే వీళ్లకూ మార్గం.

ట్రైనింగ్‌లో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మొదట్లో వీళ్లకు పోస్టర్ అన్న ఆలోచనే లేదు. భయాలు చెప్పుకోవడానికి కలిశారు. చెప్పుకున్న ప్రతి భయమూ కాసేపటికి రాజకీయం దగ్గరికే వచ్చి ఆగేది. ఎవరు పట్టించుకోవడం లేదు, ఎందుకు పట్టించుకోవడం లేదు అని. అప్పుడు కదా, మనలో చాలామందికి డిజైన్ వచ్చు, న్యూయార్క్‌లో గోడలు ఉన్నాయి, ఒక పోస్టర్ వేద్దాం అనుకున్నారు. మన దగ్గర జరిగేది తలకిందులు. ప్రపంచ ఎయిడ్స్ దినం, డిసెంబర్ 1 దగ్గరపడుతోంది, బడ్జెట్ వచ్చింది, పోస్టర్ కావాలి అని ఫోన్ వస్తుంది. ఏం చెప్పాలన్నది ఆ తర్వాత వెతుక్కుంటాం.

మొదట వాళ్ల మనసులో మెదిలింది బక్లీ పచ్చబొట్టే. పచ్చబొట్టు పొడిచిన ఒంటి ఫోటో వేస్తే చూసినవాడు ఉలిక్కిపడతాడు. డిజైనర్‌గా నాకైతే వెంటనే నచ్చే ఆలోచన. కానీ ఎవరి ఒళ్లు? తెల్లవాడిదైతే నల్లవాళ్లకు ఇది మా గొడవ కాదనిపిస్తుంది. మగవాడిదైతే ఆడవాళ్లు బయటికి పోతారు. ఏ ఫోటో పెట్టినా ఎవరో ఒకరు మిగిలిపోతారని అర్థమై ఫోటోనే వదిలేశారు. తర్వాత గుర్తుల మీద పడ్డారు. ఇంద్రధనుస్సు జెండా, గ్రీకు అక్షరం లామ్డా, ఇలా ఉద్యమంలో అప్పటికే తిరుగుతున్నవన్నీ ముందు పెట్టుకుని ఒక్కోటీ కొట్టేసుకుంటూ వచ్చి గులాబీ త్రికోణం దగ్గర ఆగారు.

ఆ త్రికోణం వెనక పెద్ద కథే ఉంది. నాజీ నిర్బంధ శిబిరాల్లో స్వలింగ సంపర్కుల చొక్కాలకు గులాబీ రంగు త్రికోణం కుట్టేవారు, మొన కిందికి ఉండేలా. 1970లలో ఉద్యమకారులు ఆ అవమాన చిహ్నాన్నే తమ గుర్తుగా చేసుకున్నారు. ఈ ఆరుగురికి మొదట అది నచ్చలేదు, బాధితుల గుర్తు మనకెందుకని. కానీ పచ్చబొట్టు మాట ఎత్తిన దేశానికి ఆ చరిత్ర గుర్తుచేయడమే సరైన జవాబనిపించింది. క్రిస్ లియోన్ జర్మనీలో డఖావ్ శిబిరం చూసివచ్చినవాడు. మొన పైకి ఉంటుందని ఆయనకు జ్ఞాపకం. అలాగే గీశారు. నిజానికి అది కిందికి ఉండాలని తర్వాత తెలిసింది. తెలిసినా మార్చలేదు. పైకి నిలబడ్డ త్రికోణంలో తలవంచని తీరు కనిపించిందంటారు. రంగు కూడా శిబిరాల్లోని పాలిపోయిన గులాబీ కాదు, కంటికి కొట్టొచ్చే ముదురు గులాబీ.

మాటలకూ ఇంతే పట్టింది. గేల మౌనం చెవులు చిల్లులు పడేలా ఉంది అన్నట్టుగా ఒక వాక్యం మొదట వచ్చింది. అది మౌనమే మరణం అయింది. చివర్లో ఎవరో క్రియను తీసేసి ఈక్వల్ టు గుర్తు పెట్టారు. రెండు మాటలు, మధ్యలో రెండు గీతలు. లెక్క తేలిపోయింది, ఇక వాదన లేదు అన్నట్టు ఉంటుంది.

పోస్టర్‌ను దగ్గరగా చూస్తే

సుమారు 33 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు. మన ప్రెస్సుల్లో వాడే 20x30 డబుల్ క్రౌన్ కన్నా కాస్త పెద్దది. మొత్తం నలుపు. పైభాగంలో మధ్యన గులాబీ త్రికోణం. దాని కింద, అడుగున తెల్లటి సన్నపొడవు అక్షరాల్లో నినాదం. అక్షరాలు గిల్ శాన్స్ కుటుంబంలోని బాగా నొక్కిన బోల్డ్ రకం. ఇంకాస్త కిందికి వంగి చూస్తే, వేలి గోరంత కూడా లేని అక్షరాల్లో మరో రెండు వరుసలు. ఎయిడ్స్ గురించి రీగన్ ఎందుకు మాట్లాడడం లేదు? వ్యాధి నియంత్రణ కేంద్రంలో, మందులకు అనుమతులిచ్చే సంస్థలో, వాటికన్‌లో అసలేం జరుగుతోంది? గేలు, లెస్బియన్‌లు పారేయదగ్గ మనుషులు కాదు. మీ బలం వాడండి, ఓటు వేయండి, బహిష్కరించండి, మిమ్మల్ని మీరు కాపాడుకోండి. కోపాన్ని, భయాన్ని, దుఃఖాన్ని ఆచరణగా మార్చండి. సారాంశం అది.

శిక్షణకు వచ్చినవాళ్లను నేను ముందు గదికి ఆ చివర నిలబెడతాను. అక్కడినుంచి త్రికోణం, నినాదం మాత్రమే అందుతాయి. తర్వాత దగ్గరికి రమ్మంటాను. మూడడుగుల దూరంలోకి వచ్చాక కానీ ఆ చిన్న అక్షరాలు ఉన్నట్టు తెలియదు. ఫింకెల్‌స్టైన్ బృందం కావాలనే ఇలా చేసింది. కారులో పోయేవాడికి ఒక పోస్టర్, కాలినడకన వచ్చి ఆగినవాడికి ఇంకొకటి. ఆగినవాడు ఎవడు? ఆ త్రికోణం తనదని గుర్తుపట్టినవాడు. ఏం చేయాలో వాడికే చెప్పింది. మిగతా ఊరికి మాత్రం వీళ్లు ఎక్కడో గుంపుగా ఉన్నారు, సిద్ధమవుతున్నారు అన్న భావన కలిగించింది. అప్పటికి అలాంటి సంఘం ఏదీ లేదు. ఆరుగురే ఉన్నారు.

నలుపు సంగతి కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో నిర్మాణాల చుట్టూ కట్టే ప్లైవుడ్ గోడల మీద సినిమాలు, సంగీత కచేరీలు, బట్టల బ్రాండ్లు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. మన ఊళ్లలో బస్టాండు గోడ ఎలా ఉంటుందో అలాగే. అక్కడ రంగులతో పోటీపడితే ఓడిపోతాం. ఖాళీ నలుపు చూపును ఆపుతుంది. మన క్లయింటు ఎవరైనా ఇంత ఖాళీ చూస్తే ఒప్పుకోడు. ఇక్కడ జాగా ఉంది కదా, మంత్రిగారి ఫోటో పెట్టండి అంటాడు.

గోడల మీదికి

అచ్చు ఖర్చు వాళ్ల జేబుల్లోంచే. అంటించడానికి, మనకు రాత్రిపూట మైదా జిగురు బకెట్లతో సినిమా పోస్టర్లు అంటించే కుర్రాళ్లు ఉన్నట్టే, న్యూయార్క్‌లోనూ డబ్బు తీసుకుని అంటించేవాళ్లున్నారు. వాళ్లకే ఇచ్చారు. 1987 తొలి నెలల్లో మన్‌హాటన్ వీధుల్లో పోస్టర్ పడింది. కింద ఏ సంస్థ పేరూ లేదు. ఎవరు వేశారో తెలియక జనం చర్చించుకున్నారు.

తర్వాత జరిగినదాన్ని ప్లాన్ అనలేం. మార్చి 10న రచయిత లారీ క్రేమర్ న్యూయార్క్‌లోని గే, లెస్బియన్ కమ్యూనిటీ సెంటర్‌లో ప్రసంగించి, ఇలాగే కూర్చుంటే అందరం చస్తాం అన్నాడు. రెండు రోజుల్లో ‘ఆక్ట్ అప్’ సంఘం పుట్టింది. మార్చి 24న వాల్ స్ట్రీట్‌లో మొదటి ధర్నా. అదే నెలలో ఏజెడ్‌టీ అనే మొదటి మందుకు అనుమతి వచ్చింది, ఏడాదికి సుమారు 10,000 డాలర్ల ధరతో. ఏప్రిల్ 15న, పన్ను రిటర్నులు పోస్టు చేసే చివరి రాత్రి, పెద్ద తపాలా ఆఫీసు ముందు జనం వరుసలు కట్టి ఉంటారని తెలిసి ఆక్ట్ అప్ సభ్యులు అక్కడికి వెళ్లారు. చేతుల్లో ఈ పోస్టరే, అట్టలకు అంటించి పట్టుకున్నారు. టీవీ కెమెరాలు ఎటు తిరిగినా నల్లటి అట్ట, గులాబీ త్రికోణం. అప్పటినుంచి అది ఆ సంఘం గుర్తయిపోయింది. ఆరుగురూ దాన్ని సంఘానికి వాడుకోనిచ్చారు. బ్యాడ్జీలు, టీషర్టులు అమ్మి నిధులు పోగుచేశారు.

మందు ధర ఆ ఏడాది చివర్లో తగ్గింది, 1989లో మళ్లీ తగ్గింది. పోస్టర్ వల్లే తగ్గిందని నేను అనను. రోడ్డు మీద పడుకుని అరెస్టయినవాళ్ల వల్ల తగ్గింది. అయితే ఆ మనుషులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఈ పోస్టర్ పనికొచ్చింది. మా రంగంలో పోస్టర్‌ను ఎన్ని అచ్చేశాం, ఎన్ని అంటించాం అని కొలుస్తాం. చూసినవాడు ఎవరితో కలిశాడు అన్నది ఏ రిపోర్టు ఫారంలోనూ ఉండదు.

దీని లోపాలు

ఈ పోస్టర్‌లో కండోమ్ లేదు. జబ్బు ఎలా వస్తుందో లేదు, ఎలా రాదో లేదు. నివారణ పోస్టర్‌గా చూస్తే దీనికి సున్నా మార్కులు. ఇది లేపే పోస్టర్, నేర్పే పోస్టర్ కాదు. ఆ తేడా తెలియకుండా దీన్ని కాపీ కొట్టినవాళ్లు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక చమత్కార వాక్యం రాసి ఊరుకుంటారు.

రెండోది ఇంకా పెద్దది. ఎవరినీ వదలకూడదని ఫోటో మానేసినవాళ్లే, త్రికోణం పెట్టడంతో గే సమాజానికి బయట ఉన్నవాళ్లను వదిలేశారు. న్యూయార్క్‌లో సూదులు పంచుకునే మత్తుమందు బాధితులు, నల్లజాతివాళ్లు, లాటినోలు, వాళ్ల భార్యలు, పిల్లలు అదే రోజుల్లో చనిపోతున్నారు. వాళ్లకు ఆ గుర్తుతో చుట్టరికం లేదు. ఈ బృందం అదే ఏడాది వేసిన రెండో పోస్టర్ ‘ఎయిడ్స్‌గేట్’లో ఆ లోటు కొంత పూడ్చుకున్నారు. రీగన్ ముఖం, కళ్లు గులాబీ రంగులో. కింద నగరంలోని నల్లజాతి, లాటినో రోగుల సంగతి, ఆడవాళ్ల సంగతి ఉన్నాయి. కానీ అది మొదటిదానంత తిరగలేదు.

ఆక్ట్ అప్‌లోంచి 1988లో వచ్చిన ‘గ్రాన్ ఫ్యూరీ’ బృందం ఈ దారిని ముందుకు తీసుకెళ్లింది. 1989లో వాళ్లు చేసిన ‘కిస్సింగ్ డజంట్ కిల్’ నాకు చాలా ఇష్టం. మూడు జంటలు, వేర్వేరు జాతులవాళ్లు, ముద్దు పెట్టుకుంటూ. ఒకటి మగ ఆడ, ఒకటి మగ మగ, ఒకటి ఆడ ఆడ. దూరంనుంచి బెనెటన్ బట్టల ప్రకటన అనుకుంటారు. ముద్దుతో చావరు, దురాశ, నిర్లక్ష్యం చంపుతాయి అని పైన రాసి ఉంటుంది. సిటీ బస్సుల పక్కన పెట్టారు. ముద్దుతో ఎయిడ్స్ రాదన్న ముక్కను డాక్టర్ ఫోటో లేకుండా, ఉపదేశం లేకుండా అంత మందికి చేర్చింది. షికాగోలో కొందరు వాటిమీద రంగు పూసి పాడుచేశారు. అంటే చదివారన్నమాట.

అదే 1987, వేరే దేశాలు

ఆ ఒక్క ఏడాదిలోనే ప్రభుత్వాలు కూడా నిద్రలేచాయి. ఎలా లేచాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కేసు ఇంకా బాగా అర్థమవుతుంది.

బ్రిటన్‌లో ఆరోగ్యమంత్రి నార్మన్ ఫౌలర్ పట్టుబట్టి దేశంలోని ప్రతి ఇంటికీ కరపత్రం పంపించాడు. తెలియక చావకండి అన్నది నినాదం. టీవీలో సమాధిరాయి చెక్కుతున్నట్టు, దాని మీద ఎయిడ్స్ అని పేరు. ప్రభుత్వం ఇంత బాహాటంగా మాట్లాడటం గొప్పే, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ అప్పటికే జబ్బుతో ఉన్నవాడు ఆ సమాధిరాయి చూసి ఏమనుకోవాలి?

ఆస్ట్రేలియాలో ఏప్రిల్‌లో ‘గ్రిమ్ రీపర్’ ప్రకటన వచ్చింది. ముసుగేసుకున్న మృత్యువు బౌలింగ్ ఆడుతుంటాడు. పిన్నుల స్థానంలో మనుషులు, తల్లీ బిడ్డలతో సహా. బంతి తగిలి కూలిపోతుంటారు. దేశం వణికిపోయింది. ఆ మృత్యువునే గే మనిషి అనుకున్నవాళ్లూ ఉన్నారు.

అదే దేశంలో, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్‌లో ఆదివాసీ ఆరోగ్య కార్యకర్తలు ఈ భయం మా జనానికి పనికిరాదన్నారు. నర్సు గ్రేస్‌లిన్ స్మాల్‌వుడ్ వాళ్లలో ముఖ్యురాలు. వాళ్ల ఊళ్లలో ఫాంటమ్ కామిక్స్ అంటే అందరికీ ఇష్టం. ఆ పోలికలో ముసుగు, కండలు ఉన్న నల్లటి వీరుణ్ణి పుట్టించి ‘కాండోమాన్’ అని పేరు పెట్టారు. సిగ్గుపడకండి, ధైర్యం చేయండి, కండోమ్ వాడండి అని ఆయన వాళ్ల ఇంగ్లిష్‌లోనే, వాళ్ల యాసలోనే చెప్తాడు. రెడ్‌బ్యాక్ గ్రాఫిక్స్ అనే స్క్రీన్ ప్రింటింగ్ బృందం పోస్టర్ వేసింది. ఇది నేర్పే పోస్టర్. అయినా సైలెన్స్ = డెత్‌కు ఇదే దగ్గర చుట్టం. రెండూ లోపలివాళ్ల నోటినుంచి వచ్చినవే. మృత్యువు ఆ తర్వాత టీవీలోంచి వెళ్లిపోయాడు. కాండోమాన్ మాత్రం ఇరవై ఏళ్లు దాటాక కూడా మళ్లీ కొత్త బట్టలతో తిరిగొచ్చాడు.

స్విట్జర్లాండ్‌ది మరో రకం. ‘స్టాప్ ఎయిడ్స్’ అన్న మాటలో ఇంగ్లిష్ ‘O’ అక్షరం స్థానంలో చుట్టిన గులాబీ రంగు కండోమ్ పెట్టారు. ఏ భయమూ లేదు, నీతిబోధా లేదు. చూపులోనే విషయం తెలిసిపోతుంది. ఒక డిజైనర్‌గా దీనికి అసూయపడతాను.

మన గోడలు

మన దగ్గర మొదటి కేసులు బయటపడింది 1986లో, చెన్నైలో. 1990ల్లో మన ఊళ్ల ఆస్పత్రి గోడల మీద పుర్రెలు, పాములు, ఎముకల చేతులు పడ్డాయి. మందు లేని జబ్బు, చావే గతి అని ఎర్రటి అక్షరాలు. 2002 చివర్లో ముంబయిలో పాపులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ సంస్థ బల్బీర్ పాషా అనే కల్పిత పాత్రకు ఎయిడ్స్ వస్తుందా అన్న హోర్డింగులు పెట్టింది. ఆ పద్ధతే మనకూ వచ్చింది. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న తెలియని తెలుగువాడు ఆ రోజుల్లో లేడు. నోటితో అనడానికే జంకే మాటను టీ కొట్టుదాకా తెచ్చిన ఘనత ఆ హోర్డింగులది. పుర్రెలు చేయలేని పని అది. కానీ పులిరాజా ఎవడు? ఎవడో ఒక తిరుగుబోతు, మనం కాదు. కాలేజీలో ఎవడైనా కాస్త బక్కచిక్కితే పులిరాజా అని పిలిచేవాళ్లు. పాజిటివ్ వ్యక్తులు ఆ పేరుతో పడ్డ మాటలు నాతో చెప్పుకున్నారు. ముంబయిలో కూడా బల్బీర్ వెళ్లే సెక్స్ వర్కర్ మంజుల పాత్ర మీద మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి, జబ్బు తెచ్చేది ఆడదే అన్నట్టుందని. ప్రశ్న అడిగినవాడి గొంతు ఊరిది. జబ్బున్నవాడి గొంతు అందులో లేదు.

ఆ తర్వాత చాలా మారింది. 2004 ఏప్రిల్ 1న హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే మందులు ఇస్తున్నారు. 2021 జాతీయ అంచనాల ప్రకారం పెద్దల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. దేశ సగటు 0.21. అంటే మన పని ఇంకా ఉంది.

ఒక జిల్లా ఏఆర్‌టీ సెంటర్ వరండాకు పోస్టర్ చేయాల్సి వచ్చినప్పుడు ఈ కేసును పద్ధతిగా వాడాను. డిజైన్ మొదలుపెట్టకముందే మందులకు వచ్చేవాళ్లతో, పాజిటివ్ సంఘంవాళ్లతో కూర్చున్నాం. ఆ గోడ మీద పాత బోర్డు ఇంకా ఉంది, రెడ్ రిబ్బన్‌ను పట్టుకున్న ఎముకల చెయ్యి. ఒకావిడ లేచి, “సార్, కొత్తది ఏం పెడతారో మీ ఇష్టం. ముందు ఆ చెయ్యి తీయించండి. మా బాబు నాతోపాటే వస్తాడు. అమ్మా, నీ చెయ్యి అలా అయిపోద్దా అని అడిగాడు” అంది. తర్వాత గంటసేపు ఎవరూ డిజైన్ మాట ఎత్తలేదు. ఇంటి దగ్గర వేరే గ్లాసు పెట్టడం గురించి, పెళ్లి సంబంధాల గురించి, మందుల డబ్బా ఎక్కడ దాచుకోవాలన్నదాని గురించి మాట్లాడారు. పోస్టర్ దేనిమీద ఉండాలో అందులోంచే వచ్చింది. మేం వేసుకోవడానికి సిద్ధమైన కండోమ్, రక్తపరీక్ష, పౌష్టికాహారం ఏవీ వాళ్లు అడగలేదు. ‘మందులు సరిగ్గా వాడుతున్నాం, ఇంకా మమ్మల్ని చూసి ఎందుకు జరుగుతారు?’ అన్నదే వాళ్ల ప్రశ్న.

దానికి జవాబు సైన్సులోనే ఉంది. మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అక్కడే నిలిచినవాళ్లనుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ ఇంకొకరికి సోకదు. 2016 నుంచి ప్రపంచమంతా ‘యూ = యూ’ (అన్‌డిటెక్టబుల్ = అన్‌ట్రాన్స్‌మిటబుల్, కనిపించకపోతే సోకదు) అని చెప్తున్నది ఇదే. ఇక్కడా ఈక్వల్ టు గుర్తే. ఈసారి అది భరోసా ఇస్తోంది.

ఫోటో పెట్టలేదు. మా కారణం న్యూయార్క్‌వాళ్ల కారణం కాదు. చిన్న ఊళ్లో పోస్టర్ మీద ఎవరి ముఖం పడితే వాళ్లకే జబ్బు అని తేల్చేస్తారు. పైగా 2018 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఎవరి స్థితినైనా వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ముదురు నీలం మీద ఒక మందుల డబ్బా, పక్కన ఈక్వల్ టు, అటు పక్కన ఒకే కంచంలో రెండు చేతులు. కంచంలో కలిసి తింటే ఎప్పుడూ సోకదని, మందుల వల్ల పడకగదిలో కూడా సోకకుండా ఉంటుందని కింద రెండు వేర్వేరు వాక్యాలుగా రాశాం, ఒకటి ఇంకోదానితో కలిసిపోకుండా. రెండో వాక్యం పక్కనే వైరల్ లోడ్ పరీక్ష మాట, దగ్గరికి వస్తేనే కనిపించే చిన్న అక్షరాల్లో కౌన్సెలర్ గది నంబరు, 1097 హెల్ప్‌లైన్. లోగోలు మొత్తం అడుగున ఒక సన్నటి పట్టీలోకి దించడానికే ఎక్కువ టైం పట్టింది. ఖాళీ జాగా మీద మంత్రిగారి ఫోటో రాకుండా అడ్డుపడింది నేను కాదు, సంఘంలోని ఆడవాళ్లు. మా వరండా సార్ అది, మేం రోజంతా కూర్చునే చోటు అన్నారు.

ఇప్పుడు అదే విషయాన్ని లారీలు ఆగే చోటికి తీసుకెళ్లే ప్రయత్నంలో ఉన్నాం. అక్కడ లెక్క వేరు. వరండాలో మనిషి గంటలు కూర్చుంటాడు, దాబా దగ్గర డ్రైవరు టీ తాగేంతసేపే నిలబడతాడు, తన స్థితి తెలియనివాడే ఎక్కువ. మందులు వాడేవాడికి చెప్పిన మాట పరీక్షే చేయించుకోనివాడికి అందదు. అందుకని వరండా పోస్టర్‌ను పెద్దది చేసి కట్టేద్దామన్న సలహాను పక్కన పెట్టాం. ముందు డ్రైవర్లతో, క్లీనర్లతో కూర్చుంటున్నాం. డిజైన్ ఇంకా మొదలుకాలేదు.